మిల్లు, గోదాం, అడ్తి దుకాణం నడిపేవాళ్లకు: ఈఆర్‌పీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హనుమకొండలో ఉంటాను. బియ్యం మిల్లులు, జిన్నింగ్ మిల్లులు, వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల అడ్తి (కమీషన్ వ్యాపారం) దుకాణాల్లో లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టడం, అది గాడిన పడేదాకా వాళ్ల పక్కనే కూర్చోవడం నా పని. ఫోన్లో రోజూ అవే ప్రశ్నలు వస్తుంటాయి కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ ఎంత పనికొస్తుందనేది నడిపే మనిషి వ్యాపార దృక్పథం మీద కూడా ఉంటుంది కాబట్టి దాని ప్రశ్నలూ ఇందులోనే ఉన్నాయి. కొన్నిటికి జవాబు పెద్దది, కొన్నిటికి రెండు ముక్కలు చాలు.

ఈఆర్‌పీ అంటే అసలేంటి? మాకు ట్యాలీ ఉంది కదా, చాలదా?

లెక్కల సాఫ్ట్‌వేర్‌గా ట్యాలీ మంచిదే. కానీ నేను చూసిన చాలా మిల్లుల్లో ట్యాలీలోకి ఎక్కేది బిల్లు ఒక్కటే, అదీ వారం తర్వాత. కాంటా చీటీ ఒక పుస్తకంలో, దించిన బస్తాల లెక్క హమాలీ మేస్త్రీ నోట్‌బుక్‌లో, రైతులకు ఇవ్వాల్సిన పైసలు సేటు జేబులోని చిన్న డైరీలో, అమ్మకం కంప్యూటర్లో. నాలుగు చోట్ల నాలుగు లెక్కలు, నెలాఖరుకు ఏ రెండూ కలవవు. ఈఆర్‌పీ (ఎంటర్‌ప్రైజ్ రిసోర్స్ ప్లానింగ్) అంటే ఈ నాలుగూ ఒకే లెక్క కావడం. కాంటా మీద బరువు ఎక్కగానే గోదాంలో స్టాకు పెరుగుతుంది, రైతు ఖాతాలో బాకీ కనబడుతుంది, మిల్లులో ఆడించాల్సిన లాటు (ఒక్కసారిగా వచ్చిన సరుకు) లిస్టులోకి వస్తుంది. ఒకరు ఒకసారి రాస్తే దాన్ని ఇంకొకరు మళ్లీ రాసే పనుండదు.

ఈ ఆలోచన ఫ్యాక్టరీల్లోనే పుట్టింది. ఏ సరుకు తయారీకి ముడిసరుకు ఎంత కావాలో లెక్కగట్టే ప్రోగ్రాములు 1960ల్లో వచ్చాయి. 1972లో ఐబీఎం నుంచి బయటికొచ్చిన 5 మంది ఇంజనీర్లు జర్మనీలో ఇలాంటి సాఫ్ట్‌వేర్ చేసే శాప్ కంపెనీ పెట్టారు. ఈఆర్‌పీ అనే పేరు 1990లో గార్ట్‌నర్ అనే పరిశోధన సంస్థ పెట్టింది. పేరు పెద్దగా వినబడుతుంది కానీ చేసే పని నేను పైన చెప్పిందే. మీ ట్యాలీలో కూడా గోదాం వారీగా, లాటు వారీగా స్టాకు పెట్టుకోవచ్చు, చాలామంది ఆ ఆప్షన్ ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. అందుకే ఏ సాఫ్ట్‌వేర్ అనే ప్రశ్న నాకు ఎప్పుడూ మొదటి ప్రశ్న కాదు.

వ్యాపార దృక్పథం అంటే ధైర్యమేనా? మా సేటుకు ధైర్యం దండిగా ఉంది.

ధైర్యం అందులో ఒక భాగం మాత్రమే. దీని మీద పరిశోధన చేసినవాళ్లు 40 ఏళ్లుగా ఇంచుమించు ఒకే మాట చెప్తున్నారు. డానీ మిల్లర్ 1983లో మూడు గుణాలు చెప్పాడు: కొత్తది ప్రయత్నించడం, రిస్కు తీసుకోవడం, పక్కవాడు కదిలేలోపు తాను కదలడం. 1996లో లంప్‌కిన్, డెస్ అనే ఇద్దరు ఇంకో రెండు కలిపారు: పనిచేసేవాళ్లకు సొంతంగా నిర్ణయించే స్వేచ్ఛ, పోటీలో దూకుడు.

మరి దీనివల్ల సంస్థ బాగుపడుతుందా? 2009లో రౌష్, ఆయన సహచరులు 51 అధ్యయనాలను, అంటే 14 వేలకు పైగా సంస్థల లెక్కలను కలిపి చూశారు. ఈ దృక్పథానికి, సంస్థ పనితీరుకు మధ్య సహసంబంధం సుమారు 0.24 వచ్చింది (సున్నా అయితే సంబంధమే లేనట్టు, 1 అయితే రెండూ పూర్తిగా కలిసి నడుస్తున్నట్టు). మామూలు మాటల్లో, సంబంధం ఖాయంగా ఉంది, కానీ ఒక సంస్థకూ ఇంకో సంస్థకూ మధ్య పనితీరులో కనబడే తేడాలో ఇది వివరించేది 6 శాతం దాకానే. మరీ చిన్న సంస్థల్లో ఈ సంబంధం ఇంకా గట్టిగా కనబడింది. మనలాంటివాళ్లకు అది మంచి వార్తే. కానీ మిగతా 94 శాతం ఎక్కడుంది? అందులో పెద్ద ముక్క ధైర్యం దేని మీద నిలబడి ఉంది అనేదాంట్లో ఉందని నా నమ్మకం.

సాఫ్ట్‌వేర్‌కూ సేటు స్వభావానికీ సంబంధం ఏంటి?

నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, కాబట్టి జరిగిన సంగతి ఒకటి చెప్తాను.

పరకాల వైపు ఒక బియ్యం మిల్లు. వానాకాలం వడ్లు ప్రైవేటుగా కొని ఆడిస్తారు. మూడు నెలలుగా బస్తాలు తక్కువ వస్తున్నాయని యజమానికి అనుమానం. రాత్రి కాపలా ఉండే మనిషి మీద కన్ను పడింది, ఇద్దరి మధ్య మాటలు కూడా తగ్గిపోయాయి. అదే సమయంలో మేము కాంటాను కంప్యూటర్‌కు కలిపాం. వచ్చిన ప్రతి లాటుకు బరువుతో పాటు తేమ శాతం కూడా ఎక్కించాలని పెట్టాం. తేమ మీటరు వాళ్ల దగ్గర ముందునుంచీ ఉంది, కానీ ఆ అంకెను ఎక్కడా రాసేవాళ్లు కాదు, చూసి తల ఊపి లారీని లోపలికి పంపేవాళ్లు.

నెల తర్వాత లాటు వారీగా చూస్తే దొంగ దొరికాడు. 100 క్వింటాళ్ల వడ్లు 20 శాతం తేమతో వచ్చాయనుకోండి. అందులో పొడి గింజ 80 క్వింటాళ్లు, మిగతా 20 నీళ్లు. అవి ఆరి 14 శాతానికి దిగితే మొత్తం బరువు 93 క్వింటాళ్లే. ఒక్క గింజ బయటికి పోకుండానే 7 క్వింటాళ్లు గాలిలో కలిసిపోయాయి, వాటికి మనం పైసలు కట్టి ఉన్నాం. ఆ సాయంత్రం యజమాని స్క్రీన్ ముందు చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. తర్వాత లేచి వెళ్లి కాపలా మనిషిని పిలిచి చాయ్ తాగించారు. నాకు ఆ రోజు ఇంకా కళ్లముందే ఉంది.

సాఫ్ట్‌వేర్ పని అక్కడితో అయిపోయింది. తర్వాతిది ఆయన చేశారు. గేటు దగ్గరే తేమను బట్టి రేటు కట్టడం మొదలుపెట్టారు. పచ్చి వడ్లు తెచ్చే రైతులకు రేటు తగ్గించి పంపేస్తే వాళ్లు పక్క మిల్లుకు పోతారు కాబట్టి, ఆరు నెలల లెక్కలు జమయ్యాక అవన్నీ ప్రింట్ తీసుకుని బ్యాంకుకు వెళ్లి, వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్‌కు లోను తీసుకున్నారు. అది పెద్ద రిస్కే. కానీ ఎంత పోతోందో తెలిసి, ఎంత మిగులుతుందో కట్టుకుని తీసుకున్న రిస్కు. అదే ధైర్యం అంతకుముందు ఏడాది కూడా ఆయనలో ఉంది, అప్పుడు దాంతో రెండో గోదాం కట్టారు, అది సగం ఖాళీగానే ఉంది.

ఇంకోచోట ఇదే సాఫ్ట్‌వేర్, ఇదే రిపోర్టు. అంకె నచ్చక ఆ యజమాని "మీ కంప్యూటర్ తప్పు చూపిస్తోంది" అని తేమ ఎక్కించే గడినే తీసేయించారు. డబ్బులు పూర్తిగా కట్టారు, సాఫ్ట్‌వేర్ నడుస్తూనే ఉంది, మిల్లులో మాత్రం ఏమీ మారలేదు. కాబట్టి నేను ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు చూసేది ఒకటే: నచ్చని అంకె కనబడినప్పుడు ఈ మనిషి ఏం చేస్తారు?

పర్‌ఫార్మెన్స్ పెరిగిందని ఎలా తెలుస్తుంది? లాభం చూస్తే చాలదా?

లాభం ఏడాదికోసారి తెలుస్తుంది, దాంట్లో రేట్ల అదృష్టం కూడా కలిసి ఉంటుంది. మిర్చి రేటు పెరిగిన ఏడాది ఏమీ చేయని వ్యాపారికి కూడా లాభం వస్తుంది. వారం వారం కనబడేవి చూడండి. బియ్యం మిల్లయితే 100 కిలోల వడ్లకు ఎన్ని కిలోల బియ్యం, ఎంత నూక, ఎంత తవుడు. ప్రభుత్వ వడ్లు ఆడిస్తే పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇవ్వాలి. యాసంగి వడ్లు ఎండకు పగిలి నూక ఎక్కువవుతుందని అందరికీ తెలుసు. ఏ ఊరి వడ్లు, ఏ రకం, ఎంత నూక అని లాటు వారీగా చెప్పగలిగేవాళ్లు ఎంతమంది? జిన్నింగ్‌లో క్వింటా పత్తికి దూది ఎంత వచ్చింది, 170 కిలోల బేలు ఒక్కోదానికి ఎంత ఖర్చయింది అనేవి. అడ్తి దుకాణమైతే ఉద్దెర ఎన్ని రోజులకు తిరిగొస్తోంది. ఈ ఆఖరిది చూసి ఏడ్చినంత పనిచేసినవాళ్లు ఉన్నారు. అమ్మకాలు పెరిగాయని సంబరపడుతుంటే పైసలన్నీ బయటే తిరుగుతున్నాయని తేలింది.

పెట్టి రెండు నెలలైంది, పని ముందుకంటే ఆలస్యమవుతోంది. మోసపోయామా?

లేదు, చాలావరకు ఇది మామూలే. అమెరికాలో శాప్ వాళ్ల ఈఆర్‌పీ పెట్టుకున్న కంపెనీల లెక్కలను హిట్, వూ, జౌ అనే ముగ్గురు 2002లో పరిశీలించారు. పెట్టుకున్న కంపెనీలు మొత్తమ్మీద మెరుగ్గానే ఉన్నాయి, కానీ పెట్టిన వెంటనే కొంతకాలం పనితీరు తగ్గడం వాళ్లకు కూడా కనబడింది. పాత అలవాటు పోలేదు, కొత్తది చేతికి రాలేదు. టెన్షన్ పడాల్సింది ఆ తగ్గుదల చూసి కాదు. ఆ నెలల్లో మనవాళ్లు మెల్లగా పాత నోట్‌బుక్ మళ్లీ తీస్తారు, "తర్వాత ఎక్కిద్దాం లే" అంటారు, వారానికోసారి కూర్చుని అంతా కలిపి టైపు చేస్తారు. అప్పుడు పని రెండింతలు, లాభం సున్నా.

పెద్ద కంపెనీలకూ ఈ దెబ్బ తగిలింది. 1999లో అమెరికాలో హెర్షీ చాక్లెట్ కంపెనీ తొందరపడి మూడు వ్యవస్థలను ఒకేసారి మార్చింది, అదీ హాలోవీన్ పండగ ఆర్డర్లు వచ్చే సమయంలో. సుమారు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లను అందించలేకపోయింది. సరుకు లేక కాదు. కొన్ని చోట్ల అలవాటుగా దాచిన సరుకు కొత్త కంప్యూటర్లోకి ఎక్కలేదు, కాబట్టి కంప్యూటర్ దృష్టిలో అది లేనట్టే. మన మిల్లులో వెనక షెడ్డులో టార్పాలిన్ కింద ఉన్న 200 బస్తాల కథ కూడా సరిగ్గా ఇదే.

అన్నిటికీ అనుమతులు, పాస్‌వర్డ్‌లు అంటే పనివాళ్లలో చొరవ చచ్చిపోదా?

తప్పుగా పెడితే కచ్చితంగా చచ్చిపోతుంది, నేనే ఒకసారి ఆ తప్పు చేశాను. ఒక మిర్చి వ్యాపారి దగ్గర ప్రతి కొనుగోలుకూ యజమాని ఫోన్‌లో ఓకే నొక్కాలని పెట్టాం. పొద్దున్నే ఎనుమాములలో జెండా పాట (వేలం) మొదలైతే కొనే మనిషి అక్కడ నిలబడి ఫోన్ చూసుకుంటూ ఉండలేడు, బస్తాలోంచి గుప్పెడు కాయ తీసి రంగు చూసి విరిచి వాసన చూసి ఆ క్షణంలో రేటు చెప్పాలి. నాలుగు రోజుల్లో మంచి సరుకంతా పక్కవాళ్లకు పోయింది.

తర్వాత మార్చాం. రోజుకు ఇంత మొత్తం దాకా, క్వింటాకు ఈ రేటు దాకా ఆ మనిషిదే నిర్ణయం, దాటితేనే ఫోన్. కొన్నది మాత్రం మార్కెట్ దాటేలోపు ఎక్కించి తీరాలి. పదేళ్లుగా అక్కడ కొంటున్నా ఆ మనిషి కొన్న ఏ రకంలో ఎంత మిగిలిందో ఎవరూ ఎప్పుడూ చూపించలేదు. తేజ, వండర్ హాట్, చపాట అనే మూడు మిర్చి రకాల లెక్కలు విడివిడిగా చూపిస్తే తానే చపాట కొనుగోలు పెంచుదామని యజమానిని అడిగాడు. చపాటకు 2025లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, రంగు కోసం అడిగే కొనుగోలుదారులు ఉన్నారు, లాటును వేరుగా ఉంచి ఎక్కడిదో చూపించగలిగితే మాట్లాడే రేటే వేరు. స్వేచ్ఛ ఇచ్చి లెక్క అడగడం అంటే నాకు ఇదే.

మా గుమాస్తా పెద్దాయన, 25 ఏళ్లుగా ఉన్నారు, కంప్యూటర్ ముట్టరు. ఏం చేయాలి?

ఆయన్ను పక్కన పెట్టి కొత్త కుర్రాడిని కూర్చోబెట్టొద్దు, దయచేసి. ఏ రైతు మాట మీద నిలబడతాడు, ఏ ఊరి సరుకులో మట్టి ఎక్కువ, ఏ లారీ ఓనరుకు పాత బాకీ ఉంది అనేవి ఆయన తలలోనే ఉన్నాయి, ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేవు. మొదటి నెల కుర్రాడు టైపు చేయనివ్వండి, పెద్దాయన పక్కన కూర్చుని చెప్పనివ్వండి. స్క్రీన్ మీద అన్నీ తెలుగులో పెట్టండి, అక్షరం పెద్దది చేయండి. "మీ పుస్తకం తప్పు" అని కాకుండా "మీ పుస్తకం ప్రకారం ఇందులో సరిగా ఎక్కిందో లేదో చూడండి" అని అడగండి. తప్పులు పట్టడంలో ఆయనను మించినవాళ్లు ఉండరు. ఆయనకు ఉద్యోగం పోతుందనే భయం ఉంటే మీరే నోరు విప్పి పోదని చెప్పాలి, నేను చెప్తే సరిపోదు.

బాపు ఒప్పుకోవట్లేదు. "మీ తాత డైరీతోనే ఇంత సంపాదించాడు" అంటున్నారు.

తమ్ముడూ, ఆ మాటలో నిజం ఉంది. తాతల కాలంలో ఒక గోదాం, ఒక మనిషి, అన్నీ కంటి ముందే. ఇప్పుడు మీకు మూడు గోదాములు, కాకతో కలిసి ఇంకో వ్యాపారం. బాపుతో సాఫ్ట్‌వేర్ గురించి వాదించకు. ఆయనకు రోజూ రాత్రి చింత కలిగించేది ఏంటో అడుగు. సాధారణంగా ఉద్దెరే ఉంటుంది. ఆ ఒక్కదాన్నే నెలరోజులు సరిగా ఎక్కించి, ఎవరి దగ్గర ఎన్ని రోజులుగా ఎంత ఆగిందో ఒక్క కాగితం మీద ప్రింట్ తీసి ఆయన చేతిలో పెట్టు. కాగితమే ఇవ్వాలి, ఫోన్ కాదు.

అన్నీ ఒకేచోట ఎక్కితే లెక్కలు బయటపడతాయని భయం. రెండు లెక్కలు పెట్టొచ్చా?

నేను పెట్టను. సగం కొనుగోళ్లు ఎక్కించకపోతే గోదాం స్టాకు తప్పు, దిగుబడి తప్పు, బాకీ తప్పు. మీరు ఎవరి నుంచో దాస్తున్నామనుకుంటారు, అసలు సంగతి మీకే తెలియకుండా పోతుంది. బ్యాంకు లోనుకు వెళ్లినప్పుడు కూడా ఎక్కని వ్యాపారానికి విలువ ఉండదు.

చట్టం ప్రకారం తప్పనిసరా?

ఈఆర్‌పీ పెట్టుకోవాలని ఏ చట్టమూ చెప్పదు. కానీ చేతిరాతతో నెట్టుకురావడం ఏటేటా కష్టమవుతోంది. ఏడాది టర్నోవరు 5 కోట్లు దాటినవాళ్లు జీఎస్టీ ఉన్న సరుకును వ్యాపారులకు అమ్మితే 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు) తీయాలి. కంపెనీగా రిజిస్టర్ అయి సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు రాస్తుంటే, 2023 ఏప్రిల్ 1 నుంచి అందులో ఏ ఎంట్రీని ఎప్పుడు మార్చారో రికార్డయ్యేలా ఉండాలి, ఆ రికార్డును ఆపేసే వీలు ఉండకూడదు. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఇవ్వాల్సిన బాకీ రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కట్టాలి. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, గడువు దాటితే, కట్టిన ఏడాదిలోనే అది ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపించుకోవాలి. ఎవరి బాకీ ఎప్పుడు గడువు దాటుతుందో చిన్న డైరీ చెప్పదు.

బియ్యం వ్యాపారంలో ఇంకో చిక్కు: 25 కిలోలు, అంతకంటే తక్కువ ప్యాక్ చేసి లేబుల్ వేస్తే 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ. మార్కెట్లో 26 కిలోల సంచులు కనబడటం అందుకే. ఒకే బియ్యం, రెండు సంచులు, రెండు రకాల బిల్లులు. ఐటెం వేరుగా పెట్టుకోకపోతే రిటర్నుల దగ్గర చిక్కుముడి.

చేనేత సొసైటీకి, చిన్న షాపుకు ఇది పనికొస్తుందా?

వరంగల్ కొత్తవాడలో దర్రీలు (నేలమీద పరిచే నూలు తివాచీలు) నేసేవాళ్లు అడిగారు. మొత్తం ఈఆర్‌పీ వద్దు. నూలు ఎంత ఇచ్చాం, ఏ మగ్గం మీద ఏ ఆర్డరు ఉంది, ఎప్పటికి దిగుతుంది, ఈ మూడూ ఒకచోట ఉంటే చాలు. వరంగల్ దర్రీలకు 2018 నుంచి భౌగోళిక గుర్తింపు ఉంది, బయటి ఆర్డరు వచ్చినప్పుడు తేదీ చెప్పి ఆ తేదీకి ఇవ్వగలగడమే వాళ్లకు పెద్ద బలం.

ఏది కొనాలి?

ట్యాలీ బాగా తెలిసిన అకౌంటెంటు ఉంటే ముందు దాన్నే పూర్తిగా వాడండి. అది చాలనప్పుడు ముంబైలో తయారైన ఈఆర్‌పీనెక్స్ట్ ఉంది, సోర్స్ కోడ్ ఉచితం, సర్వరు, మనకు తగ్గట్టు మార్చే మనిషి మాత్రం ఉచితం కాదు. బెల్జియం నుంచి వచ్చిన ఓడూ ఉంది. మిల్లులకని ప్రత్యేకంగా చేసినవి కూడా దొరుకుతాయి. నా సలహా ఒకటే: అమ్మేవాళ్ల డెమోలో వాళ్ల లెక్కలు కాదు, మీ నిన్నటి కాంటా చీటీలు 20 తీసుకెళ్లి మీ ముందే ఎక్కించమనండి. మీ డేటా ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎక్సెల్‌లో బయటికి వస్తుందో లేదో కూడా అక్కడే చూడండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

సీజన్ మధ్యలో వద్దే వద్దు. నవంబరులో లారీలు గేటు బయట వరుస కట్టి ఉంటే ఎవరికి నేర్పిస్తారు? పత్తి మిల్లయితే జూలై, ఆగస్టు. బియ్యం మిల్లయితే యాసంగి వడ్ల హడావుడి తగ్గాక, వానాకాలం కోతలకు కనీసం రెండు నెలల ముందు. ఒకేసారి అన్నీ కాదు: ముందు కాంటా, గోదాం, అవి నెలరోజులు తప్పు లేకుండా నడిచాక కొనుగోలు, బాకీలు, తర్వాతే ఉత్పత్తి.

మొదటి రోజు కంప్యూటర్ తెరవకండి. మిల్లు ఒక రోజు ఆపి, హమాలీలకు ఆ రోజు కూలి ఇచ్చి, గోదాంలో ఉన్న ప్రతి బస్తాను లెక్కపెట్టండి. యజమాని అక్కడే ఉండాలి, కొడుకును పంపితే కాదు. ఒకరు లెక్కపెడితే ఇంకొకరు రాయాలి, పూర్తయిన వరుస మీద సుద్దతో గీత గీయాలి, వెనక షెడ్డు, టార్పాలిన్ కింద, పాత బాయిలర్ పక్కన, అన్నీ. పుస్తకంలో ఉన్నదానికీ ఆ సాయంత్రం తేలినదానికీ తేడా వస్తుంది, ప్రతిసారీ వచ్చింది. ఆ తేడాను ఎవరి మీదా వేయకుండా తేలిన అంకెనే ఓపెనింగ్ స్టాకుగా ఎక్కించి, కింద మీరే సంతకం పెట్టండి. మరుసటి రోజు పొద్దున మొదటి లారీ కాంటా ఎక్కినప్పటి నుంచి నేను మీ పక్కనే ఉంటాను.